సీసా కడగొద్దు

మా ఇంట్లో ఊరగాయలు పెట్టింది మా ఆయన. ఆయన బతికి ఉండగా ఈ మాట బయటికి చెప్పే వీలు లేకపోయింది. చెబితే మదనపల్లె టమోటా మార్కెట్లో తల ఎత్తుకుని తిరగలేనని ఆయన నమ్మకం. అక్కడ ఒక మండీలో గుమాస్తా ఆయన. తెల్లవారితే వేలంపాటలు, లారీలు, అరుపులు, తిట్లు. అలాంటి చోట పనిచేసే మనిషి సాయంత్రం ఇంటికి పోయి మెంతులు దోరగా వేయించుకుంటాడని తెలిస్తే జనం ఏమంటారో ఆయనకు బాగా తెలుసు. ఎందుకంటే వేరే ఎవరి గురించైనా అలాంటిది తెలిస్తే ముందుగా అనేది ఆయనే.

అందుకని పేరు నాకు వచ్చింది. పెళ్ళయిన కొత్తలో నేను పెట్టిన ఊరగాయకు తెల్లగా బూజు పట్టింది. పుస్తకం చదువుతూ పెట్టానని మా అత్త అంది. చదువుతూ పెట్టలేదు, పెట్టి చదువుకున్నాను. ఏమైనా ఆ తర్వాత ఏడాది నుంచి ఆ పని ఆయన చేతిలోకి పోయింది. బంధువులు తిని "ఏమి చెయ్యమ్మా నీది!" అన్నప్పుడు నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఆయన గోడ వైపు చూసేవాడు. కాపురంలో మా ఇద్దరి మధ్య ఇంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు. ఉన్న ఒక్కటీ ఊరగాయ గురించి కావడం గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

ధర పడిపోయిన రోజుల్లో రైతులు కాయలు వెనక్కి మోసుకుపోలేక రోడ్డు పక్కన పారబోసి పోతారు. అలాంటి రోజు ఆయన స్కూటర్ ముందు ఒక క్రేటు పెట్టుకుని వచ్చేవాడు. గట్టి కాయలు ఏరి, తుడిచి, కోసి, ఉప్పూ పసుపూ వేసి ఊరబెట్టేవాడు. మూడోనాడు ముక్కలు పిండి మిద్దె మీద ఎండకు వేసేవాడు. ఊటలో చింతపండు నానేది. ఎండకు వేసిన ముక్కలకు కాపలా నేను. కాకులు వస్తే పుస్తకం ఊపడం నా పని. ఊరగాయలో నా పాత్ర అంతే.

సీసాలు పక్కింటి నుంచి వచ్చేవి. పక్కింటాయన పాత ఇనుము, సీసాల కొట్టు నడిపేవాడు. పాలలో కలుపుకునే పొడి సీసాలు, కాఫీ పొడి సీసాలు, జాము సీసాలు, మూత వెడల్పుగా ఉన్నదేదైనా సరే, మా ఆయన కోసం పక్కన పెట్టేవాడు. వాటి మీది కాగితం నీళ్ళలో నానబెట్టి గీకేవాడు మా ఆయన. మిగిలిన జిగురు కొబ్బరినూనెతో రుద్దితే పోయేది. మిద్దె మీద బోర్లించి ఎండబెట్టేవాడు. చివరికి ఒక నిప్పు కణిక మీద ఇంగువ వేసి, ఆ పొగ మీద సీసా కాసేపు బోర్లించేవాడు. ఆ పొగ పట్టిన సీసాలో ఏడాదైనా ఊరగాయ చెడదు. రేకు మూతలతోనే చిక్కు. ఉప్పూ పులుపూ కలిసి రేకును తినేస్తాయి. అందుకని పాలపాకెట్టు కవరు గుండ్రంగా కత్తిరించి మూత కింద వేసేవాడు. దూరం పోయే సీసా అయితే మూత చుట్టూ కొవ్వొత్తి కరిగించి పోసేవాడు.

ఇప్పుడు మా అన్న కోడలు బెంగుళూరులో ఉప్పూ పప్పూ పోసుకోవడానికి పాతకాలపు సీసాల్లా కనిపించే కొత్త సీసాలు కొంటోంది. వాటి మీద ఆవు బొమ్మ అచ్చుపోసి ఉంటుంది. మూతకు తుప్పు రంగు కూడా వాళ్ళే వేసి ఇస్తారు. ఆయనకు చూపించి ఉంటే సంతోషించేవాడో ఏడ్చేవాడో చెప్పలేను.

మా వైపు సీసాలకు ఒక మర్యాద ఉంది. ఊరగాయ సీసా ఎవరింటికైనా పోతే, ఖాళీ అయ్యాక దాన్ని ఉత్తదిగా తిరిగి పంపరు. కడిగి, ఆరబెట్టి, వాళ్ళింట్లో ఉన్నదేదో నింపి పంపుతారు. పొడి కావచ్చు, వడియాలు కావచ్చు, ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెర. ఇది మంచి అలవాటని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆయన పోయింది వానలు మొదలయ్యే ముందు. గుండె. చెప్పడానికి ఎక్కువ లేదు, ఎక్కువ సేపు కూడా పట్టలేదు.

పుంగనూరు నుంచి మా వదిన వచ్చింది. ఆయనకు అక్క. ఆమె రాకపోతే ఆ దినాలు గడిచేవి కావు. వచ్చినవాళ్ళకు వండింది, పంతులుతో మాట్లాడింది, నన్ను పడుకోమంది. పెద్దకర్మ అయిన మరుసటి రోజు నేను లేచి వంటింటి వెనక్కి పోయేసరికి ఊరగాయ సీసాలన్నీ ఖాళీగా, తళతళలాడుతూ పిట్టగోడ మీద వరసగా బోర్లించి ఉన్నాయి.

"మైల పట్టిందమ్మా," అంది వదిన. "సావు జరిగిన ఇంట్లో ఊరగాయ ఉంచుకోకూడదు. అంతా వీధి చివర కాలవలో పోసేసినా. నీకెందుకు బాధ, నీ చేతిలోనే ఉండాది కదా విద్దె? సీజనొస్తే మళ్ళా పెట్టుకుంటావు."

నేను ఖాళీ సీసా ఒకటి తీసి వాసన చూశాను. ఆమె అది దుఃఖం అనుకుంది. దుఃఖమే. కానీ దేని గురించో ఆమెకు తెలియదు, చెప్పే వీలూ లేదు. ఆ సీసాల్లో ఉన్నది ఆయన చేసిన చివరి పని. ఫోటో మీద దండ వేశారు, చొక్కాలు పంచిపెట్టారు. ఆయన చేతిది అని చెప్పదగ్గది ఏదైనా ఉంటే అది కాలవలో పోయింది.

కొన్ని వారాలకు నాకు తట్టింది. మా ఇంట్లోవి పోయాయి కానీ ఇచ్చినవి ఉంటాయి కదా. ఆ ఏడాది ఆయన పెట్టింది మా వీధిలో కొందరికి, వదినకు, కుప్పంలో ఒకరికి ఇచ్చాం. ఒక ముద్దకు సరిపడా ఎక్కడైనా మిగిలి ఉండదా? కానీ ఎలా అడగాలి? ఊరగాయకు పేరుమోసిన మనిషి ఇంటింటికీ పోయి తన ఊరగాయే తనకు కాస్త పెట్టమని అడిగితే మతి చలించిందంటారు. భర్త పోయిన మనిషి గురించి జనం ఆ మాట ఎలాగూ సిద్ధంగా ఉంచుకుంటారు. అందుకని సీసా అడగాలనుకున్నాను. సీసాతోపాటు అడుగున ఉన్నదేదో వస్తుంది.

వీధిలో ముగ్గురిని అడిగాను. "మా సీసా ఉంటే ఇస్తారా?"

ఆ రోజు సాయంత్రానికే మూడు సీసాలూ వచ్చాయి. చింతపండుతో తోమి, వేడినీళ్ళతో కడిగి, తుడిచి. ఒకదాంట్లో నిమ్మకాయ ఊరగాయ, ఒకదాంట్లో రాగిపిండి, ఒకదాంట్లో అటుకుల మిక్చర్. ఇంతకాలం తిరిగివ్వనందుకు ముగ్గురూ నొచ్చుకున్నారు. నేను సీసాలు వెనక్కి అడిగానన్న సంగతి వీధంతా పాకింది. మా సీసాలు ఉన్నవాళ్ళే కాదు, లేనివాళ్ళు కూడా ఏదో ఒక సీసా నింపి పంపారు. వంటింట్లో చోటు చాలలేదు. అంత ఆదరణ మధ్య నాకు కావలసింది మాత్రం లేదు.

అప్పుడు పుంగనూరు పోయాను. వదిన ఇంట్లో దొరుకుతుందని నాకు గట్టి ఆశ. ఆమె పొదుపరి. పైగా పెళ్ళయి వేరే ఇంటికి పోయిన ఆడబిడ్డకు మైల తక్కువ రోజులట, ఆ ఇంటి ఊరగాయకు అసలు లేదట. నా వంటింట్లో ఉన్నదానికి పట్టిన మైల ఆమె వంటింట్లో ఉన్న అదే ఊరగాయకు పట్టలేదు. శాస్త్రం మీద నాకు ఆ ఒక్క రోజు గౌరవం కలిగింది.

వదిన కాఫీ ఇచ్చింది. కష్టసుఖాలు మాట్లాడుకున్నాం. కాసేపాగి, "వదినా, మీ దగ్గర మా సీసా ఒకటి ఉండాలి," అన్నాను.

"అయ్యో, ఉండాది! కూర్చో, తెస్తా."

లోపలికి పోయింది. నేను కాఫీ తాగుతున్నాను. లోపల కొళాయి చప్పుడు వినిపించింది. గ్లాసు పక్కన పెట్టి నేను లేచేలోపే తడి సీసా, తుండుగుడ్డ పట్టుకుని ఆమె గడపలోకి వచ్చింది. తుడుస్తూనే మాట్లాడుతోంది.

"చెనిగ్గింజల పొడి కొట్టినా నిన్న. దాన్నే పోసిస్తా. ఎల్లిపాయ కాస్త ఎక్కువేసినా, నీకిష్టం గదా."

"దాంట్లో ఉండింది ఏం చేసినారు వదినా?"

"ఏముండాది దాంట్లో, అడుగున రవ్వంత. పక్కింటి పిల్ల నీళ్ళోసుకోనుండాది, నోటికి ఏదీ సయించలేదంట. నిన్ననే ఆ పిల్లకి పెట్టిచ్చేస్తి. గిన్నె నాకినాదంటమ్మా! నీ చెయ్యి అట్లాంటిది."

కడుపుతో ఉన్న పిల్ల తిన్నదానికి ఏడవకూడదు. కానీ కళ్ళలో నీళ్ళు వచ్చాయి. వదిన సీసా కింద పెట్టి నా పక్కన కూర్చుంది. ఇక దాచి లాభం లేదనిపించింది.

"అది నేను పెట్టింది కాదు వదినా. మీ తమ్ముడు పెట్టింది. అన్నేళ్ళూ పెట్టింది ఆయనే. నాకు ఊరగాయ పెట్టేది రాదు."

వదిన నా వీపు మీద చెయ్యి వేసి నిమరడం మొదలుపెట్టింది.

"మా తమ్ముడా? నీళ్ళు కాంచుకునేదానికి పొయ్యి కాడికి పోనోడు. పిల్లప్పుడు వాని చొక్కా బొత్తాం నేనే పెట్టాల."

"నిజంగా వదినా. మిద్దె మీద ఎండబెట్టేది, పొడులు కొట్టేది, తిరగమోత వేసేది అంతా ఆయనే."

"సరేమ్మా, సరే. ఎవురు కాదన్నారు?" పక్క గదిలో ఉన్న భర్తను కేకేసింది. "ఏమప్పా, ఇంటివా? ఈయమ్మ సూడు, తను పెట్టిన ఊరగాయ కూడా మొగుడే పెట్టినాడంటాండాది. నువ్వు పోతే నీ గురించి నేనేం చెప్పాల? సెప్పేదానికి ఏదైనా ఒకటి చేసి పో!"

"బతికుండంగా తిట్టేది చాల్లే," అని లోపలినుంచి సమాధానం వచ్చింది.

వదిన నవ్వలేదు. కళ్ళు ఒత్తుకుంటూ నాతో అంది: "మొగుడు పోయినాక అట్లనే ఉంటాదమ్మా. మా తోడికోడలు మొగుడు నిలబడి ఒక పూట ఇంట్లో ఉన్నోడు కాదు. పోయినాక ఆయప్ప దేవుడు. నీ మొగుడు మంచోడే. నువ్వు కల్పించి చెప్పే పన్లేదు. సీజన్లో మాకొక సీసా పెట్టియ్యి, మర్చిపోవద్దు."

బస్సెక్కేటప్పుడు పొడి సీసా నా సంచిలో పెట్టింది. బస్టాండులో ఎవరో తెలిసినావిడ కనిపిస్తే, "మా మరదలు. ఊరగాయ పెడితే తిరుగులేదు," అని పరిచయం చేసింది. నేను ఎన్నో ఏళ్ళు మోసిన అబద్ధం నేను దించుదామన్నా దిగలేదు. నిజం చెబితే అది భర్త మీద భక్తిగా మారిపోయింది. ఆ భక్తికి కూడా నాకు మంచి పేరే వచ్చింది.

ఇక మిగిలింది కుప్పం. అక్కడున్నది మా పాత పక్కింటావిడ. సీసాల కొట్టాయన భార్య. భర్త పోయాక కొన్నేళ్ళు ఇక్కడే ఉండి, ఆ ఏడాదే కొట్టు అమ్మేసి కుప్పంలో కూతురి దగ్గరికి పోయింది. నేను ఆమెను అక్కా అనేదాన్ని. మా ఆయనా అలాగే అనేవాడు. వాళ్ళ మిద్దే మా మిద్దే ఆనుకుని ఉండేవి, మధ్యలో మోకాలెత్తు గోడ.

పుంగనూరులో బుద్ధి వచ్చింది కాబట్టి ఈసారి ముందే ఫోన్ చేశాను.

"అక్కా, మీ దగ్గర మా ఊరగాయ సీసా ఉందా?"

"ఉండాది."

"నేను వస్తాను. సీసా కడగొద్దు."

"నేనెందుకు కడుగుతా?"

"ఏమీ నింపొద్దు కూడా."

"రామ్మా," అని పెట్టేసింది.

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. కూతురూ అల్లుడూ పనికి పోయారు, పిల్లలు బడికి. అక్క ఒక్కతే ఉంది. మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. మా ఆయన పోయినప్పుడు రాలేకపోయింది, మోకాళ్ళు. ఆ సంగతి ఎత్తకుండా నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊరికే ఉంది. వచ్చినవాళ్ళందరూ ఏదో ఒకటి మాట్లాడారు. ఊరికే ఉన్నది ఈమె ఒక్కతే.

తర్వాత నడుముకు దోపుకున్న తాళం తీసి బీరువా తెరిచింది. చీరల వెనక నుంచి సీసా తీసింది. పాత కాఫీ పొడి సీసా. మూత చుట్టూ పోసిన కొవ్వొత్తి మైనం ఒకవైపు ఒలిచి ఉంది. సగానికి పైనే ఉంది ఊరగాయ. పైన నూనె తేలి ఉంది.

"బీరువాలో పెట్టినారా?"

"మరి యాడ పెట్టేది? బయట పెడితే మా పిలకాయలు రొట్టెకేసుకుని రెండు పూటలకు ఊడ్చేస్తారు. నా చీరలన్నీ తక్కాలి ఊరగాయ వాసన. మా కూతురు అరుస్తానే ఉంటాది."

నేను చెప్పవలసింది ఉంది. పుంగనూరులో నమ్మలేదు, ఇక్కడ నమ్ముతుందన్న ఆశ లేదు. అయినా చెప్పాలి కదా.

"అక్కా, ఇది నేను పెట్టింది కాదు."

"తెలుసు."

"ఎలా తెలుసక్కా?" అన్నాను.

"తెలీకుండా యాడికి పోతాది? మిద్దె మీద ఎవురుంటారో నాకు కనపడదా? పొద్దున లుంగీ ఎగ్గట్టి ముక్కలు తిరగేసేది ఆయప్ప. నువ్వు చాప మీద కూర్చోని పుస్తకం చదువుతాంటివి. కాకి వచ్చి ముక్క ఎత్తుకోని పోయినా నువ్వు చూస్తివా? నేనే అదిలిస్తాంటి, ఈ పక్క నుంచి."

నేను చేశాననుకున్న ఆ ఒక్క పని కూడా నేను చేయలేదన్నమాట.

"నేను కుప్పం వచ్చే రోజు సామాను లారీ కాడికి ఈ సీసా తెచ్చిచ్చినాడు. 'మా ఆమె ఇమ్మనింది అక్కా' అనె. మీ ఆమె బాగా చేస్తాది తమ్ముడూ, మెంతిపొడి మాత్రం రవ్వంత ఎక్కువేస్తాది, చెప్పు అంటి. ఆయప్ప మొగం సూడాల! 'అట్లేం లేదక్కా, సరిగ్గానే వేస్తాది' అని నాతో కొట్లాటకొచ్చె."

ఇద్దరం నవ్వాం. ఆయన పోయాక నవ్వడం అదే మొదలని ఆ తర్వాత గుర్తొచ్చింది. నవ్వుతూనే నేను సంచి తెరిచాను. సీసా చుట్టడానికి పాత తువ్వాలు తెచ్చుకున్నాను. మెత్తగా, నాలుగు మడతలు వేసి.

అక్క తువ్వాలు చూసింది. సీసా ఒళ్ళోకి తీసుకుంది.

"ఇది ఇయ్యనమ్మా."

నేను విన్నది సరిగా అర్థం కాలేదు. "ఏమక్కా?"

"ఇయ్యను. ఇది నాది."

"అక్కా, అది మా ఆయన చేతిది. ఇంకెక్కడా లేదు. మా ఇంట్లోది అంతా కాలవలో పోసేశారు."

"అందుకే ఇయ్యను. నీ ఇంట్లో ఎవురో ఒకరొచ్చి పారబోస్తారు. నువ్వు పుస్తకం పట్టుకోని కూర్చుంటావు. బూజు పట్టేదాకా చూడవు. తడి గరిటె పెడతావు."

"నేను తడి గరిటె పెట్టను."

"పెడతావు. ఆయప్పే చెప్పినాడు."

ఆయన నా గురించి పక్కింట్లో ఏమేమి చెప్పాడో ఆ పూట కొంత తెలిసింది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ అంత దూరం వచ్చాను. బతిమాలాను. కొంచెమైనా వేరే సీసాలో పోసి ఇమ్మన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మా ఆయన పోయి ఇన్నేండ్లయింది," అంది. "కొట్టు సీసాల్లో ఒక్కటి నేను తెచ్చుకోలేదు. అమ్మేసి వచ్చినా. ఈ సీసా కూడా మా కొట్టుదే. మా ఆయన ఏరి మీ ఆయప్పకిచ్చింది. దాంట్లో మీ ఆయప్ప నింపి నాకిచ్చినాడు. నువ్వు తీసుకోని పోతే నా కాడ ఏముంటాది?"

అప్పటిదాకా దుఃఖం నా ఒక్కదానిదే అన్నట్టు ఊళ్ళు తిరుగుతూ ఉన్నాను. ఊరంతా సీసాలు నింపి ఇచ్చినా నాకు అందనిది, ఇవ్వనన్న ఈమె దగ్గర మొదటిసారి కనిపించింది. ఈమెకు అది ఏమిటో తెలుసు. తెలిసిన మనిషి ఇవ్వదు. తువ్వాలు మడిచి సంచిలో పెట్టేశాను.

అక్క లేచి పోయి వేడి అన్నం తెచ్చింది. పొడి గుడ్డతో చెంచా తుడిచి, నాకు చూపించి మరీ తుడిచి, సీసాలోంచి ఒక చెంచా తీసి అన్నం మీద వేసింది. మూత బిగించి సీసా తన పక్కనే పెట్టుకుంది. తను వేసుకోలేదు.

కలిపి తిన్నాను. పులుపు సరిగ్గా ఉంది. కారం సరిగ్గా ఉంది. మెంతిపొడి నిజంగానే ఎక్కువైంది, నాలుక చివర చేదు తగిలింది. ఇన్నేళ్ళు తిన్నాను, అది ఆయన అజాగ్రత్తో పంతమో ఎప్పుడూ అడగలేదు. పళ్ళెంలో అన్నం ఇంకా సగం ఉంది.

"ఇంకొక చెంచా వెయ్యక్కా."

"చాలు," అంది అక్క, సీసా బీరువాలో పెట్టి తాళం తిప్పుతూ. "మళ్ళా రావా ఏంది?"